ఇరవయ్యో ఇంటూ

"ఎవరండీ ఈ గోడలు తుడిచింది?"

మాణికేశ్వర్ నగర్ మొదటి సందులో నిలబడి ఆ అమ్మాయి అడిగిన తీరుకు, కుళాయి దగ్గరున్న ఆడవాళ్లందరూ తలలు తిప్పి దివాకర్ వైపు చూశారు. దివాకర్ చేతిలో తడిగుడ్డ ఉంది. ఇక దాచడానికేముంది?

"నేనే," అన్నాడు.

అతను మాట్లాడేదే తక్కువ. ఊరి బడిలో చదివి, యూనివర్సిటీలో పీజీ దాకా వచ్చినా ఆ అలవాటు పోలేదు. "వీడు నోరు తెరిస్తే వాన పడతది" అని రూమ్మేట్ ఇన్నయ్య హాస్టలంతా చాటింపు వేసి పెట్టాడు.

"ఎందుకు తుడిచారు?"

"పోలీసోళ్లు పెట్టిండ్రనుకున్న."

"పోలీసులా!"

"ఉద్యమంల ఉన్నోళ్ల ఇండ్లకు నిశాని పెడుతున్నరని క్యాంపస్‌ల చెప్పుకుంటున్నరు. పొద్దున వచ్చి చూస్తే ఇంటింటికి సుద్ద గీతలు. ఇన్నయ్య, నేను అన్నీ తుడిచినం."

ఆ అమ్మాయి భుజాన నీలం రంగు టీకా డబ్బా వేలాడుతోంది. పేరు కౌముది. మైక్రోబయాలజీ మొదటి సంవత్సరం. పోలియో చుక్కల కోసం కాలేజీ నుంచి వచ్చిన వాలంటీరు. ఆమె పక్కన నర్సు వెంకటరమణమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుని అరుగు మీద చతికిలబడింది.

"అయ్యో నా రాత! నిన్నంతా తిరిగి తిరిగి పెట్టిన గుర్తులు నాయనా అవి."

"పిల్లలందరికీ చుక్కలు పడ్డ ఇంటికి 'పి' రాస్తాం," అంది కౌముది, కోపాన్ని పళ్ల మధ్య పట్టుకుని. "పిల్లలు ఊరెళ్లారనో, తలుపు తీయలేదనో ఎవరైనా మిగిలిపోతే ఇంటూ పెడతాం. ఇవాళ మళ్లీ వెళ్లి వాళ్లకు వేయాలి. పంతొమ్మిది ఇళ్లని కాగితంలో ఉంది. ఏ పంతొమ్మిదో గోడల మీద ఉంది. ఇక్కడ డోర్ నంబర్లు కూడా లేవు. సాయంత్రంతో రౌండ్ అయిపోతుంది. రేపు బంద్."

దివాకర్ తడిగుడ్డను నాలుగు మడతలు పెట్టాడు.

"నాకు యాదికున్నయ్," అన్నాడు.

"ఏంటి?"

"ఇంటూ ఉన్న ఇండ్లు. గాళ్లనే తీస్కపోతరనుకున్న. అందుకే సక్కగ చూసిన. ఆకుపచ్చ పరదా ఇల్లు. దాని అవతల పగిలిన గోళెంల తులసి చెట్టు. నల్లమేక కట్టేసిన ఇల్లు. ఒంటి చెవి కుక్క పండుకునే ఇల్లు..."

కౌముది అతన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"మీరు పోలీసుల్లోనే చేరాల్సింది."

వెంకటరమణమ్మ పకపకా నవ్వింది. దివాకర్ నవ్వలేదు గానీ, చెవులు ఎర్రబడ్డాయి. ఆమె భుజం మీది డబ్బా తీసుకుని తన భుజాన వేసుకున్నాడు.

సందుల్లో నడుస్తుంటే ఆమే మాట కలిపింది.

"మీదేవూరు?"

"జనగామ దగ్గర. మీది?"

"తార్నాక."

"అసలు?"

"అసలు కూడా తార్నాకే. నాన్నగారిది భీమవరం."

"అయితే ఆంధ్రోళ్లు."

"అయితే? డబ్బా దింపేస్తారా?"

అతను ఆలోచించినట్టు నాలుగడుగులు వేశాడు. "దింప."

"ఆ కొట్లాట తర్వాత పెట్టుకోండి," అంది వెనకనుంచి వెంకటరమణమ్మ. "రాష్ట్రం ఒకటున్నా రెండైనా బిడ్డ నోట్లో పడే చుక్కలు రెండే. నడవండి, ఐసు కరిగిపోతోంది."

మధ్యాహ్నం మూడయ్యేసరికి పద్దెనిమిది ఇళ్లు పూర్తయ్యాయి. మేక ఉంది, పరదా ఉంది, ఒంటి చెవి కుక్క మాత్రం ఇల్లు మారింది. అయినా దివాకర్ గోడ మీద మేకు చూసి ఇల్లు పట్టేశాడు. కౌముది అప్పటికి కోపం మరిచిపోయింది. కాస్త ఆశ్చర్యం మిగిలింది.

పంతొమ్మిదో ఇల్లు చివరి సందులో ఉంది. గడపలో కూర్చుని బుచ్చవ్వ అనే ముసలామె బియ్యం ఏరుతోంది.

"పిల్లలెవ్వలు లేరు," అంది చాట మీంచి తలెత్తకుండానే.

దండెం మీద జానెడు గౌను ఆరేసి ఉంది. కొసలనుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. దివాకర్ దాన్ని చూశాడు. అతను చూడడం బుచ్చవ్వ చూసింది.

"ఉంటే ఉన్నది! నా మనుమరాలు. అయితే ఏంది? మొన్న సర్కారోళ్లే గ్యాసు గుండ్లు ఇసిరిరి. కండ్లు మండి పిల్ల గుక్కపట్టి ఏడ్సె. ఇయ్యాల సర్కారోళ్లే మందు పట్టుకొస్తిరి. ఎట్ల నమ్మాలె?"

కౌముది ముందుకు వంగింది. "అవ్వా, ఈ మందు వల్ల శరీరంలో రోగనిరోధక శక్తి..."

"నీ పుస్తకం నాకెందుకు బిడ్డా? మీరు పోండ్రి."

కౌముది చేతిలోని కాగితం చూసుకుంది. కాగితంలో ఒక గడి ఖాళీగా ఉంది. డబ్బాలో ఐసు సగం నీళ్లయింది. ఇంకో రెండు గంటలైతే ఆ పిల్ల వచ్చే రౌండు దాకా అలాగే ఉండిపోతుంది. ఏం చెయ్యాలో తోచక ఆమె దివాకర్ వైపు చూసింది. ఆ చూపు అతనికి సూటిగా తగిలింది.

అతను డబ్బా దించి, బుచ్చవ్వ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అవ్వా, మా అన్న పేరు బిక్షం. చిన్నప్పుడు జరమొచ్చి ఎడమ కాలు వడిపోయింది. ఇప్పుడు మోకాలు మీద చెయ్యి ఒత్తిపెట్టి నడుస్తడు. ఏ లాగు తొడిగినా ఆడ ఒక్క దగ్గరనే గుడ్డ అరుగుతది. మా అమ్మ ఆడనే మళ్ల మళ్ల అతుకేస్తది."

బుచ్చవ్వ చేయి చాటలో ఆగింది.

"మందేసేటోళ్లు మా ఊరికి వచ్చిననాడు మా ఇంట్లోళ్లు అందరు చేన్లకు పోయిండ్రు. అన్నను ఎవలు తీస్కపోలే. గంతే. ఊర్ల మందు పడకుంట మిగిలినోడు వాడొక్కడే. చేనుకు చుట్టంత కంచె కట్టి ఒక్క సందు ఇడిస్తే, పంది ఆడికెల్లే వస్తదవ్వా. రాష్ట్రమంత ఒక్కపారి ఎందుకేస్తరంటే గా సందు లేకుంట చేస్తందుకే. సర్కారును నేను గూడ తిడ్త. గ్యాసు నా కండ్లల్ల గూడ వడ్డది. గని గీ చుక్కలు సర్కారుయి కావు. పిల్లయి."

బుచ్చవ్వ చాట పక్కన పెట్టింది. తర్వాత లేచి లోపలికి వెళ్లి, మంచం వెనక నుంచి మనుమరాలిని చంకనేసుకుని వచ్చింది.

"నాలుక చేదయితదా?"

"కాదవ్వా," అంది కౌముది. డబ్బా మూత తీసింది.

రెండు చుక్కలు పడ్డాయి. పిల్ల చప్పరించి, ఇంకా కావాలన్నట్టు నోరు తెరిచింది. కౌముది ఆ పిల్ల ఎడమచేతి చిటికెన వేలికి మార్కర్‌తో గుర్తు పెడుతుండగా రేకుల మీద టపటపమని చప్పుడైంది. ఫిబ్రవరిలో వాన!

సందు చివరనుంచి ఇన్నయ్య కేక వినిపించింది. "అరె, మావోడు నోరు తెరిచిండ్రోయ్!"

చూరు కింద ఇద్దరికే చోటుంది. వెంకటరమణమ్మ తెలివిగా లోపలికెళ్లి బుచ్చవ్వతో పోలియో కబుర్లు మొదలుపెట్టింది.

"అన్నయ్యగారు ఇప్పుడేం చేస్తున్నారు?" కౌముది మెల్లగా అడిగింది.

"టైలర్. మంచిగ కుడతడు."

"మీరింత మాట్లాడగలరని అనుకోలేదు."

"ఇయ్యాల్టికి అయిపోయింది."

ఆమె నవ్వింది. ఆ నవ్వుతో పాటు చూరు నీళ్లు ఆమె ముంగురుల మీద చిట్లాయి. దివాకర్ మేకునూ పరదానూ చూసినంత శ్రద్ధగా దాన్నీ చూసి గుర్తుపెట్టుకున్నాడు.

ఆమె అతని అరచేతిలో ఒక సుద్దముక్క పెట్టింది. "ఉంచుకోండి. ఇంటూ అంటే ప్రమాదం కాదు. ఇక్కడ ఒకరు మిగిలారు, మళ్లీ వస్తాం అని. ఈసారి తుడిచే ముందు అడగండి."

తర్వాతి రౌండుకు డబ్బా మోసింది దివాకరే. ఆ తర్వాత మోయడానికి డబ్బా లేకపోయినా లైబ్రరీ నుంచి తార్నాక చౌరస్తా దాకా ఆమె పక్కన నడిచాడు. బంద్ ఉన్న రోజు బస్సులుండవు కాబట్టి ఇద్దరికీ బంద్‌లంటే ఇష్టం పెరిగింది. ఆమె నూరు మాటలంటే అతను పది అనేవాడు. అనవలసిన ఒక్కటి మాత్రం జూన్ దాకా గొంతులోనే ఉండిపోయింది. చివరికి అనకుండానే ఆమె అర్థం చేసుకుంది.

"నాతో చెప్పకపోయినా ఫరవాలేదు. నాన్నకు మాత్రం మీరే చెప్పాలి. ఆదివారం రండి. మీరు నోరు విప్పకపోతే ఆయన ఈ నెలలోనే విజయవాడ సంబంధం ఖాయం చేసేస్తారు."

ఆదివారం దివాకర్ బిక్షం కుట్టిన కొత్త చొక్కా తొడుక్కుని వెళ్లాడు. గేటుకు తాళం. ఫోన్‌లో ఆమె మెసేజ్: "లాలాగూడలో మామయ్యకు బాగాలేదంటే వచ్చాం. సాయంత్రానికల్లా వస్తాం. సారీ!"

జేబులో చెయ్యి పెడితే సుద్దముక్క తగిలింది. గేటు మీద ఇంటూ పెట్టి, కింద తేదీ వేసి వెళ్లాడు.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి కౌముది నాన్న ఉమాపతి గేటు ముందు తడిగుడ్డతో నిలబడి ఉన్నారు. ఆమె అమ్మ పద్మావతి బకెట్ పట్టుకుని వీధిలో అటూ ఇటూ చూస్తోంది.

"నే చెబుతూనే ఉన్నానా! ఆంధ్రావాళ్ల ఇళ్లకు గుర్తులు పెడుతున్నారని ఆఫీసులో అంటూనే ఉన్నారు. ఇదిగో, మన గేటుకే పెట్టారు!" అంటున్నారు ఉమాపతి.

వరండాలో కౌముది పొట్ట పట్టుకుని నవ్వుతోంది. చెప్పబోయి, మళ్లీ నవ్వుతోంది.

"తుడువకుండ్రి సార్," అన్నాడు దివాకర్. "పెట్టింది నేనే."

ఉమాపతి చేతిలో గుడ్డ ఆగిపోయింది. "నువ్వా? ఎందుకు?"

"భయపెడదామని కాదు సార్. నేను గూడ ఒకసారి గిట్లనే భయపడి తడిగుడ్డ పట్టుకున్న. ఇంటూ అంటే, ఈ ఇంట్ల ఒకరితోని మాట మిగిలింది, మళ్ల వస్త అని."

"ఎవరితో?"

"మీతోని."

ఆకాశంలో ఎక్కడో ఉరిమింది. కౌముది నవ్వు ఆపేసింది.

"కౌముదిని పెండ్లి చేసుకుంట సార్. మా అమ్మకు, అన్నకు చెప్పిన. ఈ అంగీ అన్న కుట్టిండు, మీ ఇంటికి వస్తందుకే. ఆమెను బాగ చూసుకుంట. మిమ్మల్ని ఎక్కడికి పొమ్మనం."

ఉమాపతి గుడ్డను చూశారు, ఇంటూను చూశారు, కుర్రాడి కాలరు కుట్టు చూశారు.

"అంతేనా?"

"అంతే సార్."

"నాన్నా," అంది కౌముది సన్నటి గొంతుతో, "ఆయనకది మహోపన్యాసం."

ముందు పద్మావతికి నవ్వొచ్చింది. బకెట్ కింద పెట్టేసింది. ఉమాపతి తడిగుడ్డ తీసి దివాకర్ చేతిలో పెట్టారు.

"అలవాటున్న చెయ్యి కదా, నువ్వే తుడువు. రాష్ట్రం సంగతి నీతో తీరిగ్గా పోట్లాడతాను. ముందు లోపలికొచ్చి కాఫీ తాగు. విజయవాడ వాళ్లకు రేపు ఫోన్ చేస్తాలే."

దివాకర్ తుడిచాడు. కౌముది అతని జేబులోంచి సుద్దముక్క లాక్కుని, తడి గేటు మీదే 'పి' అని రాసింది.

కాసేపటికి వచ్చిన వానకు అదీ కొట్టుకుపోయింది. మళ్లీ ఎవరూ రాయలేదు. గుర్తుంచుకునే మనిషి లోపల కాఫీ తాగుతున్నాడు.