ఉప్పు డబ్బా మీద గుండీ

ఆ రోజు పొద్దున ఆకాశం కురవాలా వద్దా అన్నట్టు నల్లగా మొహం పెట్టుకుని కూర్చుంది. ఆకు కదలడం లేదు. కోడలు పెరట్లో బట్టలు ఆరేస్తూ పైకి చూసి, తీసేద్దామా ఉంచుదామా అని ఆలోచిస్తుండగా లోపలినుంచి భర్త దగ్గు వినిపించింది. మామూలు దగ్గు కాదు... గొంతులో ఏదో అడ్డుపడ్డ దగ్గు! ఆమె పరుగున వచ్చేసరికి అతను గుమ్మం బయట వంగి కక్కుతున్నాడు. పెదాల మీద తెల్లటి నురగ!

"నూనే వేశాన్రా నాయనా... నూనె సీసాలోంచే వేశాను..." పొయ్యి పక్కన గరిటె పట్టుకుని అత్తగారు నిలబడిపోయింది. కంచంలో బంగాళాదుంపల కూర సబ్బువాసన కొడుతోంది.

నూనె సీసా, గిన్నెలు తోమే సబ్బునీళ్ల సీసా కవలపిల్లల్లా పక్కపక్కనే ఉన్నాయి. ఆ ఇంట్లో ఖాళీ సీసా పారేసిన రోజు లేదు. ఒకే రకం సీసాలు, ఒకే ఎత్తు, ఒకే మూత. కళ్లున్నవాళ్లకి ఇబ్బంది లేదు. అత్తగారికే ఏడాదిగా చూపు మసకేసి, ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనడం లేదు. ఇక తిరిగి రాదని కంటి వైద్యుడు చెప్పేశాడు కూడా.

"ఇంక చాలమ్మా! ఇవాళ సబ్బయింది, రేపు నిప్పవుతుంది!" కొడుకు మూతి తుడుచుకుంటూ అన్నాడు. అతను బజారు మలుపులో కూర్చుని తాళాలు బాగుచేస్తాడు. సంచీలోంచి కొత్త తాళం కప్ప తీసి వంటింటి తలుపుకి బిగించాడు. తాళంచెవి భార్య అరచేతిలో పెట్టాడు. "వండేటప్పుడు తియ్యి, అయ్యాక వెయ్యి. అమ్మ పొయ్యి ముట్టుకుందో, నిన్నే అడుగుతా."

ఊరందరి తాళాలూ తెరిచే మనిషి కన్నతల్లికి తాళం వేశాడు! దాని చెవి మాత్రం కోడలి చేతిలో పడింది.

అతను వెళ్లాక అత్తగారు గోడ పట్టుకుని నడిచి వచ్చి, తాళాన్ని తడిమి చూసింది. "సంతోషమేనా కోడలా? పదకొండేళ్లు కాచుక్కూర్చున్నావు, పెత్తనం చేతికొచ్చింది. ఆ సబ్బు సీసా నూనె సీసా చోట ఎవరు పెట్టారో..."

"అత్తయ్యా! అంత మాటనకండి..." అంది కోడలు. నేను పెట్టలేదు అని ఒట్టేసి చెప్పొచ్చు. చెప్పి ఏం లాభం? చెవి తన కొంగునే ఉంది కదా!

ఆ వంటిల్లు అత్తగారు ఒక్కో వస్తువూ ఏరి కట్టుకున్న రాజ్యం. మామగారు బస్సు నడుపుతూ నడుపుతూనే పోయేనాటికి కొడుక్కి ఆరేళ్లు. ఆనాటినుంచి చిరిగిన దుప్పటి గుమ్మం ముందు కాళ్లపట్టా అయింది, పాలడబ్బా దీపం అయింది, విరిగిన కుర్చీ అలమరా అయింది. బీరకాయ తొక్కు పారేసే ఇల్లాళ్లని చూస్తే ఆవిడకి నవ్వు. ఆ తొక్కే వేయించి ఇంత ఉప్పూ కారం పడేస్తే కొడుకు రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. కోడలికి ఈ విద్యలన్నీ తిట్లతోపాటే వచ్చాయి. "సూది అలాగా పట్టుకునేది? పార పట్టుకున్నట్టు!" అంటూ నేర్పిన చేతులవి. ఆ చేతులు ఇప్పుడు ఒళ్లో ఊరికే పడున్నాయి.

రెండు రోజులు అత్తగారు పాలు తప్ప ముట్టలేదు. పెట్టిన కంచం పెట్టినట్టే ఉంది. మూసిన తలుపుకి ఆనించి పీట వేసుకుని, లోపల కోడలు తాలింపు వేస్తే వాసన పట్టి, "ఉల్లిపాయ మాడింది" అని మాత్రం అనేది.

రెండోనాడు, భర్త పనికి వెళ్లాక కోడలు ఒక పని చేసింది. తలుపు లోపల గడియ పెట్టుకుని, కళ్లకి తుండుగుడ్డ బిగించి కట్టుకుని, వంట మొదలుపెట్టింది! వేలు కాలింది. పప్పు అనుకుని పంచదార తీసింది. పొయ్యి ఆరిందో లేదో తెలియక అరచెయ్యి చాపి వేడి చూసుకుంది. తుండు విప్పేసరికి అది తడిసి ముద్దయి ఉంది. అమ్మో! ఏడాదిగా ఈ చీకట్లోనేనా ఈవిడ ఇంట్లో ముగ్గురికీ వండిపెట్టింది!

ఇక ఆమె చేతులు ఆగలేదు. నూనె సీసా మెడకి పాత చాపతాడు చుట్టింది. సబ్బునీళ్లు వంటింట్లోనే ఉండకుండా నాలుగు పలకల డబ్బాలో పోసి పెరట్లోకి పంపేసింది. పెనం కాడకి భర్త పాత తోలుబెల్టు తొడిగింది. గ్యాసు పొయ్యి తిప్పే మర మీద అగ్గిపుల్ల ముక్క అంటించింది. అది నిట్టనిలువుగా ఉంటే మంట ఆరినట్టు. డబ్బాల మూతలకి పాత తలగడ గలేబు కత్తిరించి టోపీలు కుట్టి, పైన గుండీలు కుట్టింది. పంచదారకి ఒకటి, కారానికి రెండు, పప్పుకి మూడు. ఉప్పుకి నాలుగు కుట్టబోతుండగా దారం అయిపోయింది.

మూడోనాడు ఉదయం తాళం తీసి, "రండత్తయ్యా" అని చెయ్యి పట్టుకుంది.

"ఎందుకే? వాడు నిన్ను తిడతాడు."

"తిట్టనివ్వండి."

అత్తగారు ఒక్కొక్కటే తడిమింది. తాడు, తోలు, అగ్గిపుల్ల... గుండీ మీద వేలు పడగానే మొహం ఎర్రబడింది. "నా గుండీల డబ్బా తీశావా! ఎవరినడిగి తీశావే! ఆయనవన్నీ అందులోనే ఉన్నాయే..."

పాతబట్ట చింపేముందు గుండీలు కోసి ఆ డబ్బాలో వేయడం ఆవిడకి ముప్ఫయ్యేళ్ల అలవాటు. కోడలు తల వంచుకుంది. తప్పు జరిగిపోయింది!

కానీ ఆ వేలు అక్కడే ఆగిపోయింది. గుండీ అంచు చుట్టూ తిరిగింది. "ఇది... వాడి బడి చొక్కాది. చూడు, అంచు కొరికేసి ఉంది. లెక్కలు రానప్పుడల్లా గుండీ నమిలేవాడు వెధవ!" ఆవిడ నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "ఒకటీ రెండూ మూడని నాకు లెక్కలు నేర్పుతావా? డబ్బాకో మనిషిని పెడితే చాలదూ! పంచదారకి వీడే ఉండనీ. కారానికి మీ మామగారి కోటు ఇత్తడి గుండీ కుట్టు, ఆయన కోపానికి అదే సరి. పప్పుకి నాది పెట్టు. ఉప్పుకి నీది కావాలి."

డబ్బా ఒళ్లో పెట్టుకుని అడుగుదాకా వెతికింది. "నీదొక్కటీ లేదేమే?"

కోడలు కొంగు జాకెట్టు మీదికి లాక్కుంది.

"నిన్నేనే! పదకొండేళ్లలో ఒక్క జాకెట్టు చినగలేదా?"

"నావి ఊడదీసి ఎప్పటికప్పుడు ఆయన చొక్కాలకి కుట్టేశానత్తయ్యా... నలుగురిలో కూర్చునే మనిషి కదా..."

అత్తగారి చెయ్యి చాచుకుని వచ్చి కోడలి జాకెట్టు మీద పడింది. పైనుంచి కిందికి తడిమింది. ఒక పిన్నీసు... ఇంకో పిన్నీసు... మరో పిన్నీసు!

"నా తల్లే... పక్కనే ఉండి ఇంత గుడ్డిదాన్నయ్యానా నేను! కళ్లున్నప్పుడు కూడా చూడలేదే!" అని కోడల్ని గుండెకి అదుముకుంది. ఎవరు ఎవరిని ఓదారుస్తున్నారో తెలియకుండా ఇద్దరూ ఏడ్చారు. ఏడుపయ్యాక అత్తగారు ముక్కు తుడుచుకుని, "లే, ఉల్లిపాయలు ఇలా పడెయ్యి. నువ్వు మాడుస్తావు" అంది.

మధ్యాహ్నం కొడుకు వచ్చేసరికి వంటింటి తలుపు బార్లా తెరిచి ఉంది. ఉల్లిపాయ వాసన గుమ్మందాకా వచ్చి ఎదురైంది. భార్యని చురచురా చూశాడు. ఏదో అనబోయి, తాడు చుట్టిన సీసా, తోలు తొడిగిన పెనం చూసి, కాళ్లు కడుక్కుని వచ్చాడు. కంచం ముందు కూర్చుని ముద్ద పెట్టుకున్నాడు. చిన్నప్పటి రుచి... అయినా ఏదో తక్కువైంది.

"ఉప్పు లేదమ్మా."

"వెయ్యలేదురా. దాని డబ్బాకి గుండీ లేదు. ఇలా దగ్గరికి జరుగు."

అతను జరిగాడు. తల్లి వేళ్లు చొక్కా మీద పాకాయి. రెండో గుండీ దగ్గర ఆగి, పట్టుకుని పుటుక్కున తెంపేశాయి!

"అమ్మా! ఇదేంటి?"

"నీది కాదులేరా. ఇది నీ పెళ్లాంది. అన్నీ దానివే. కళ్లున్నాయిగా, దాని జాకెట్టు వైపు చూడు."

చూశాడు. తన చొక్కా చూసుకున్నాడు. ఒక్కో గుండీ ఒక్కో రంగు... ఇన్నేళ్లూ వేసుకుంటూ విప్పుతూ ఒక్కనాడూ గమనించలేదు. లేచి వెళ్లి, తలుపుకి వేలాడుతున్న తాళం కప్ప తీసి సంచీలో పడేశాడు. తెరిచిన చొక్కాతోనే మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

కోడలు గలేబు అంచులోంచి దారం లాగి, ఆ గుండీని ఉప్పు డబ్బా టోపీకి కుట్టింది. అత్తగారే దారం కొరికింది. డబ్బా తీసి, వేలితో గుండీ ఒకసారి రాసి, మూడు కంచాల్లోనూ చిటికెడేసి ఉప్పు వేసింది. ఒక్క పలుకు కూడా బయట పడలేదు.

ముగ్గురూ కలిసి తిన్నారు. కొడుకు మూడోసారి కంచం చాచాడు. అన్నం గిన్నె ఎక్కడుందో అత్తగారు ఎవరినీ అడగలేదు.