నంబరు లేని ఉత్తరం

“ఈ జులపాలు నావేనంటారా?”

పుస్తకం బల్ల మీద తెరిచిపెట్టి అడిగాడు మేజరు. ప్రముఖుల వివరాలతో వెలువడే ఆ పుస్తకంలో ఆయన పేరుగలవాళ్లు నలుగురున్నారు. వృక్షశాస్త్రవేత్త, గాయకుడు, మేజరు, మల్లయోధుడు. మేజరు వివరాల పక్కన గాయకుడి ఫొటో పడింది.

సహాయ సంపాదకురాలు నాలిక కరుచుకుంది.

“తప్పు మాదేనండీ. కానీ మీరూ ఫొటో వెనక ఉత్త పేరే రాశారు. మాకు మీరు మూడో నంబరు. ఇకమీదట ఏం పంపినా మూడు వెయ్యండి.”

“పన్నెండేళ్లు సరిహద్దులో కాపలా కాసి తెచ్చుకున్న పేరండీ. నంబరు చేసేశారే!”

“నంబరు లేకపోతే కవరు చించను. అదిగో, ఆ కింది అరలో పడేస్తా. కొత్త ముద్రణ దాకా అందులోనే.”

“అమ్మో! మీకంటే మా కల్నల్ గారే నయం.”

ఆ సెలవుల్లో సవరణల వంకతో ఆరుసార్లు వచ్చాడు. ఒకసారి పతకం తేదీ, ఇంకోసారి చదివిన కాలేజీ. ఆరోసారి వానలో ముద్దగా తడిసి వచ్చాడు.

“ఇవాళేం తప్పు దొరికింది మూడో నంబరు గారూ?”

“వివాహం అన్నచోట ఖాళీగా ఉంది.”

“ఆధారం చూపిస్తే నింపుతాం.”

“మీ దగ్గరే ఉందేమో వెతకండి.”

ఆమె ప్రూఫులోకి తల దించుకుంది. చెవులు వేడెక్కాయి.

సెలవు ముగిసి ఆయన వెళ్లిన పది రోజులకు కవరొకటి వచ్చింది. పేరుంది, నంబరు లేదు. చేతిరాత ఎవరిదో చూడగానే తెలిసింది. ‘మరిచారన్నమాట! ఈసారి వస్తే ఆయన చేతే వేయించాలి’ అనుకుని మురిసిపోతూ కింది అరలో పెట్టింది. ఆమె కుటుంబంలో చదువుకుని ఉద్యోగానికొచ్చిన మొదటి మనిషి తనే. పద్ధతి తప్పడమంటే ఆమెకు భయం.

ఆయన రాలేదు. కవరు చించుదామని రెండుసార్లు వంగింది. ‘ఆయనకు లేని పట్టింపు నాకెందుకు?’ అని పౌరుషం అడ్డొచ్చింది.

రెండేళ్లకు, కొత్త ముద్రణకు ఫారం తెచ్చాడు. పైన పెద్ద అక్షరంలో మూడు. వివాహం ఎదుట నిరుటి తేదీ.

“ఆధారం కూడా తెచ్చానండీ,” అని పెళ్లిఫొటో బల్ల మీద పెట్టాడు. “నా ఉత్తరానికి జవాబు రాలేదు. ఇష్టం లేదనుకున్నాను. అమ్మ చూసిన సంబంధమే చేసుకున్నా,” అన్నాడు.

ఆమె వంగి కింది అరలోంచి కవరు తీసింది. అంటించినది అంటించినట్టే ఉంది.

“చించనే లేదా?”

“నంబరు లేదుగా...”

“ఆ ఒక్కటీ పుస్తకం కోసం రాయలేదండీ.”

ఆయన పెన్ను తీశాడు. “పోనీ, ఇప్పుడు వేసేస్తాను. నా ఫైల్లో పెట్టేయండి.”

ఆమె కవరును గబుక్కున వెనక్కి లాక్కుంది.

“వద్దు. ఇది మూడో నంబరు గారిది కాదు.”

ఆయన వెళ్లాక, ఫొటో మీది తేదీని ఫారంతో సరిచూసి, ప్రూఫులో వివాహం ఎదుట ఖాళీ నింపింది. కవరును మాత్రం అరలో పెట్టలేదు.