నడుము మీద చెయ్యి

మంగళవారం పొద్దున్నే శాంతవ్వ బీడీలకు తడిపిన తునికాకును గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, నడుము పట్టుకొని లేచింది. నిజానికి పట్టుకోవాల్సిన అవసరమేమీ లేదు. నొప్పి పోయి నెల దాటింది. కానీ కోడలు ప్రవళిక వాకిలి ఊడుస్తూ చూస్తోంది కదా, అందుకని ఓ మూలుగు కూడా జోడించింది. ఈ వయసులో ఈ నాటకాలేమిటని తన మీద తనకే సిగ్గేసింది పాపం.

మొదట్లో నొప్పి నిజమే. ఊహ తెలిసినప్పటి నుంచి బీడీలు చుట్టిన మనిషి. ఒక కాలు మడిచి, ఇంకో మోకాలు లేపి, ఒళ్లో చాట పెట్టుకొని ఎల్లారెడ్డిలోని ఆ ఇంటి గడప దగ్గరే బతుకంతా కూర్చుంది. ఎప్పుడూ ఆ కాలే మడిచేది. చివరికి వెన్ను అడుగు ఎముక తుంటితో కలిసేచోట కీలు పట్టేసింది. నడిస్తే పోటు, పక్కకు ఒత్తిగిలితే పోటు. గోలీలు మింగీ మింగీ విసిగాక, కామారెడ్డిలో ఫిజియోథెరపీ చేసే తహ్మీనా దగ్గరికి ప్రవళికే తీసుకెళ్లింది.

తహ్మీనా బోర్లా పడుకోబెట్టి, నొప్పి ఉన్నచోట అరచెయ్యి ఆనించి, ఊపిరి వదలమంటూ మెల్లగా అదిమేది. పక్కకు తిప్పి మోకాలు పట్టుకొని, ఆ మోకాలితో తన చేతిని నెట్టమనేది. మొదటి రోజే శాంతవ్వ వెక్కి వెక్కి ఏడ్చింది. నొప్పి ఎక్కువైందేమోనని తహ్మీనా చెయ్యి తీయబోతే, తియ్యొద్దని బతిమాలింది.

మొగుడు ఎంకయ్య పోయి ఏళ్లు గడిచాయి. కొడుకు సిద్దార్థ మస్కట్‌లో పని. రోజూ ఫోన్‌లో కనిపిస్తాడు. ముట్టుకుందామంటే చేతికి అద్దమే తగులుతుంది. కోడలు మంచిదే. వేళకు అన్నం పెడుతుంది, మందులిస్తుంది, ఆ తర్వాత తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటుంది. ఏ లోటూ లేని ఆ ఇంట్లో శాంతవ్వ ఒంటి మీద చెయ్యి వేసేవాళ్లు మాత్రం లేరు. అందుకే కీలు బాగైందని, ఇక ఇంట్లో కసరత్తు చాలని తహ్మీనా ఎంత చెప్పినా వినలేదు. మంగళవారం రాగానే బస్సెక్కేది.

ఆ రోజు ప్రవళిక తానూ వస్తానంది. వద్దనడానికి శాంతవ్వకు ఏ సాకూ తట్టలేదు. అక్కడికి వెళ్లగానే ప్రవళిక, నయం కావడానికి ఇంకెన్నాళ్లు పడుతుందని అడిగింది. తహ్మీనాకు లోపలి సంగతేం తెలుసు? ఎప్పుడో నయమైందని, రావద్దన్నా అవ్వ వస్తూనే ఉందని నవ్వుతూ చెప్పేసింది.

ఇంట్లో అడుగుపెట్టగానే ప్రవళిక అత్త వైపు తిరిగింది.

"మస్కట్ రమ్మని ఆయన ఎన్నిసార్లు పిలిచిండో తెల్సా అత్తమ్మా? నీకు నొప్పని నేనే ఆగిన. నేను పోవద్దనే గదా గిట్ల చేసినవ్?"

కోడలు తన కోసం ఆగిపోయిందని శాంతవ్వకు అప్పుడే తెలిసింది. గోడకు ఆనుకొని కూలబడింది.

"నాకు గా ముచ్చటే తెల్వదు బిడ్డా. నువ్వు పో. మంచిగ పో." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గా పిల్ల నడుము మీద చెయ్యి పెడ్తది. మీ మామ పోయినంక నన్ను ముట్టినోళ్లు లేరు. గందుకే పోయిన. గంతే."

పండగలకు కాళ్లు మొక్కడం తప్ప, అత్తను తానెప్పుడైనా ముట్టుకున్నదా? ఎంత ఆలోచించినా ప్రవళికకు గుర్తు రాలేదు. కాసేపటికి చాప తెచ్చి పరిచింది.

"బోర్ల పండు అత్తమ్మా."

తహ్మీనా చేసేది చూసిందే గానీ, ఎక్కడ అదమాలో ప్రవళికకు తెలియదు. అరచెయ్యి అత్త నడుము మీద ఆనించింది. ఇంకొంచెం కిందికి అని శాంతవ్వే చెప్పి కళ్లు మూసుకుంది. ఆ చెయ్యి అలా ఆనుకొని ఉండగానే, వీపు మీద వెచ్చగా ఓ చుక్క పడింది. వెంటనే మరొకటి.

శాంతవ్వ ప్రాణం విలవిల్లాడింది. మొగుడు అంత దూరాన ఉంటే ఈ పిల్లను మాత్రం ముట్టుకొనేదెవరు? రోజూ ఆ తలుపు వేసుకొని లోపల ఏం చేస్తుందో తానెప్పుడైనా అడిగిందా? తన ఒంటరితనమే తప్ప పక్క గదిలోని మనిషిది కళ్లకు ఆనలేదు.

లేచి కూర్చుంది. ఈసారి నడుము పట్టుకోలేదు. కోడలి చెంపలు తుడిచి, చాప మీద పక్కకు జరిగింది.

"ఇగ నువ్వు పండు బిడ్డా."

ప్రవళిక చిన్నపిల్లలా చాప మీద వాలిపోయింది. ఏళ్లుగా ఆకు కత్తిరించి బిరుసెక్కిన ఆ చేతిని కోడలి నడుము మీద ఆనించి, "మెల్లగ ఊపిరి వదులు" అంది శాంతవ్వ.