బర్గండీ భుజాలు

చీకటి పడుతోంది. రబ్బరు చెట్ల మధ్య పైడిరాజు పరిగెడుతున్నాడు!

వెనక ఎండుటాకుల చప్పుడు... ఆ దొంగ ఫ్రెంచివాడు!

తన నోరే తన కొంప ముంచింది. మలయాలో ఇపో ఊరి దగ్గర ఈ రబ్బరు ఎస్టేట్ బంగళాలో ఇరవై ఏళ్లుగా బట్లరు. పాత దొర నేర్పిన వైన్ విద్య. ఆ గర్వం ఊరుకుంటుందా?

మధ్యాహ్నం దిగాడు వీడు. పేరు దువాల్ అట. బోర్డో ద్రాక్షతోటల్లో పుట్టి పెరిగిన వైన్ వ్యాపారి అట. ఆహా!

పాత వైన్ బాటిల్‌ని దగ్గుమందులా ఊపాడు! అడుగున పేరుకున్న మడ్డంతా పైకి లేచింది. గ్లాసులో ఐసు వేయమన్నాడు. పైగా, "మా బోర్డో సరుకు!" అంటూ లొట్టలు.

పైడిరాజుకి ఒళ్లు మండింది. అనేశాడు.

"ఇది బర్గండీ సీమ సరుకు, దొరా. బోర్డో బాటిల్‌కి భుజాలు నిలబడి ఉంటాయి. దీనికి జారిపోయాయి. ఇందులో ఒకటే రకం ద్రాక్ష. మీ ఊళ్లో రెండు మూడు కలుపుతారు కదా?"

పక్కనే కూర్చున్న ఎస్టేట్ మేనేజరు పకపకా నవ్వాడు. ఆ బడుద్ధాయికి కల్లుకీ వైన్‌కీ తేడా తెలీదు.

అతిథి నవ్వలేదు.

అనుమానమొచ్చి పైడిరాజు వాడి కారు డిక్కీ తెరిచాడు. వైన్ పెట్టెల పక్కన తెల్లవాడి శవం! జేబులో పాస్‌పోర్టు... దువాల్!

తలెత్తేసరికి ఎదురుగా వీడు. చేతిలో పిస్టల్!

అంతే, పరుగు.

అదిగో గేటు! తుపాకీతో అప్పన్న, ఎస్టేట్ కాపలా పోలీసు. వరసకి అల్లుడు. అమ్మయ్య, బతికాం!

"అప్పన్నా! ఆడు దువాల్ కాదురా! అసలోణ్ని సంపేసి డిక్కీలో ఏసినాడు! టేషనుకి బేగి ఫోన్ సెయ్యి!"

అప్పన్న మొహం పాలిపోయింది.

"డిక్కీలోనా?"

"నీ గేటులోంచే వచ్చినాడు! సోదా సెయ్యలేదేటి?"

"తెల్లదొర కారు ఎవడు సోదా సేస్తాడు మావా? సెల్యూట్ కొట్టి పంపేసినాను. సోదా సేసినానని బుక్కులో సంతకం పెట్టినాను."

"థూ! అడివిలో కమ్యూనిస్టులకి మోసేస్తారని కూలోళ్ల కేరియర్లో పిడికెడు బియ్యం ఎతుకుతావు. తెల్లతోలు కనపడితే కళ్లు మూసుకుంటావా? సిగ్గులేని ఎదవా! రేపు ఇనస్పెట్రుకి సెప్తాను!"

"సెప్తావా?"

"సెప్పకుండా ఉంటానేటి!"

కర్ఫ్యూ సైరన్ మోగింది.

"కర్ఫ్యూలో పరిగెట్టేవోణ్ని కాల్చమని ఆర్డరు, మావా."

తుపాకీ పైకి లేచింది. గురి తన గుండెకి!

"ఒరే అప్పన్నా..."

ఢాం!