కలిపి రాసిన అంకె

ఆదివారం పొద్దున్నే గడియారాలాయన భోజనాల బల్ల మీద తన సరంజామా పరిచాడు. దూది, సూది, పరీక్ష పట్టీ, అరచేతిలో ఇమిడే మిషన్, గళ్ల నోటుపుస్తకం. గడియారాలు బాగుచేసే మనిషి కాబట్టి ఏ పనికైనా పక్కన పుస్తకం ఉండాల్సిందే. ఎదురుగా భార్య వేలు చాపి కూర్చుంది. రెండేళ్ల కిందట ఆవిడ గుండెలో కవాటం మార్చారు. అప్పటినుంచీ రక్తం గడ్డకట్టకుండా రోజూ ఓ మాత్ర, అదెంత పనిచేస్తోందో చూడటానికి వారానికోసారి ఈ వేలిపోటు. అంకె రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలి. తగ్గితే కవాటం మీద గడ్డ కట్టొచ్చు, మరీ పెరిగితే చిన్న దెబ్బకే నెత్తురు ఆగదు.

"మెట్లెక్కుతుంటే ఆయాసంగా ఉంటోందండీ" అందావిడ.

"నిన్న పరుపులన్నీ డాబా మీదకి మోశావు, ఉండదా మరి" అంటూ ఆయన మిషన్ వంక చూసి, ఒక్క క్షణం పెన్ను ఆపి, పుస్తకంలో 2.6 అని రాశాడు.

ఆ అంకెను ఆసుపత్రి నర్సుకి ఫోన్లో చెప్పడం కూతురి వంతు. ఆ పిల్ల టికెట్ల కౌంటర్లో పనిచేస్తుంది. ఇంట్లోనూ వెనకాల వరస నిలబడి ఉన్నట్టే తిరుగుతుంది. అంకె బాగానే ఉందని నర్సు మాత్ర మార్చలేదు.

ఆరు నెలలకోసారి ల్యాబులో కూడా రక్తం చూపించాలి. గురువారం కూతురు తల్లిని తీసుకెళ్లి ఆ పని ముగించి, ఇంటి దగ్గర దింపి డ్యూటీకి పరుగెత్తింది. మధ్యాహ్నానికల్లా నర్సు ఆమెకి ఫోన్ చేసింది. ల్యాబులో 1.9 వచ్చిందట. మిషన్‌కీ ల్యాబుకీ కొద్దో గొప్పో తేడా మామూలేగానీ నాలుగు రోజుల్లో ఇంత పడిపోవడమేమిటి, మాత్రలు మానేశారా అని అడిగి, వెంటనే తీసుకురమ్మంది.

ఇంటికొచ్చేదాకా కూతురి మనసు మనసులో లేదు. పోయినేడు చేతి మీద నల్లమచ్చలు లేచాయని తల్లి రెండ్రోజులు మాత్ర ఎగ్గొట్టి, వేసుకున్నానని అబద్ధమాడింది. అదే గుర్తొచ్చి చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి వెళ్లింది.

"మళ్లీ మానేశావు కదమ్మా?"

తల్లి మానలేదంది. ఖాళీ అయిన మాత్రల అట్ట తెచ్చి చూపించింది.

"చెత్తబుట్టలో పడేసినా అట్ట ఖాళీ అవుతుంది" అంది కూతురు.

ఆ మాటకి తల్లి ముఖం పాలిపోయింది. అలమర్లోంచి మిషన్ తీసి కూతురి చేతిలో పెట్టింది. "నా మాట ఎలాగూ నమ్మవు. దీన్నడుగు. పాతవన్నీ దాచుకుంటుందటగా."

కూతురు మీట నొక్కింది. ఆదివారం, 2.2. అంతకు ముందు వారం, 2.1. పుస్తకం తెరిచింది. 2.6, 2.5. పేజీ తిప్పితే ప్రతి వారమూ అంతే, సరిగ్గా పాయింట్ నాలుగు ఎక్కువ. గుమ్మంలో నిలబడ్డ తండ్రి వైపు తిరిగింది.

ఆయన మిషన్ వైపు చూపించాడు. "మొదటిసారి పోల్చినప్పుడు ల్యాబులో 2.9, దీంట్లో 2.5 వచ్చిందమ్మా. గడియారం నాలుగు నిమిషాలు వెనకుంటే నాలుగు కలుపుకునే కదా టైం చెప్తాం. అలా..."

"కనిపించిందే రాయండి, తేడా సంగతి మేం చూసుకుంటామని నర్సు చెప్పింది కదా నాన్నా."

"ఆ నర్సు చిన్నపిల్ల, తనకేం తెలుసులే అనుకున్నాను." ఆ తేడా ప్రతిసారీ ఒకేలా ఉండదని ఆ పెద్దమనిషికి తోచలేదు.

ఆసుపత్రిలో ఇంజెక్షన్ చేశారు, మాత్ర పెంచారు, గుండె స్కానింగుకి తీసుకెళ్లారు. వరండాలో తండ్రీ కూతుళ్లు ఒకచోట కూర్చోలేకపోయారు. గోడ గడియారం ఆరు నిమిషాలు వెనక నడుస్తోంది. ఇంకెప్పుడైనా అయితే స్టూలు అడిగి మరీ సరిచేసేవాడు. ఆ రోజు దాని వంక చూడటానికే భయపడ్డాడు. గంట తర్వాత డాక్టరు వచ్చి గడ్డ ఏమీ లేదని చెబితే గోడకి జారబడి, పిల్లల ముందు ఏడవకూడదన్న సంగతి మరిచిపోయాడు.

మంచం మీద ఆవిడ మాత్రం నిబ్బరంగా ఉంది.

"మీరు అంకెకి కలిపారు, నా మాటలోంచి తీసేశారు" అంది భర్తతో. "ఆయాసమంటే పరుపులన్నారు. మాత్ర వేసుకున్నానంటే మన అమ్మాయి చెత్తబుట్టలో పడేశావంది. చెప్పింది చెప్పినట్టు వినేవాళ్లే లేరు నాకు."

కూతురు తల్లి పాదాల దగ్గర తలపెట్టి ఏడ్చింది. పోయినేడు ఆడిన అబద్ధం తనదేగా అని తల్లే ఆమె జుట్టు సవరించింది.

మరుసటి ఆదివారం మిషన్ 2.4 చూపించింది. అంకె ఇంకా తక్కువే. అయినా గడియారాలాయన 2.4 అనే రాశాడు. తర్వాత భార్య ముఖంలోకి చూసి అడిగాడు.

"ఆయాసం ఎలా ఉంది?"

"రెండో అంతస్తు దగ్గర కొంచెం వస్తోంది." అలవాటుగా ఆయన ఏదో ఒకటి అంటాడని ఎదురుచూసింది.

ఆయన అంకె పక్కనే, గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు. 'రెండో అంతస్తు దగ్గర కొంచెం వస్తోంది.' రాసింది సరిగ్గా ఉందో లేదో చూడమని పుస్తకం ఆవిడ వైపు తిప్పాడు. కళ్లు చెమ్మగిల్లి అక్షరాలు అలుక్కుపోయి కనిపిస్తుంటే, సరిగ్గానే ఉందని ఆవిడ తలాడించింది.