మూడో వరుసలో మబ్బు

"అయ్యో దేవా! ఈ గోడేంది ఇట్ల ఊగుతాండాది?"

పక్కనున్న అబ్బాయి అరుపుకు జీవిత ఉలిక్కిపడింది. కర్నూలు కంటి ఆసుపత్రిలో, అద్దాలు పోగొట్టే ఆపరేషన్‌కు ముందు పరీక్షకని, ఇద్దరి కళ్ళలోనూ చుక్కలు వేసి కాసేపు మూసుకోమన్నారు. ఇద్దరి అద్దాలూ బెంచీమీద పక్కపక్కనే ఉన్నాయి. అతను తడుముకొని ఆమెవి పెట్టుకున్నాడు.

"అవి నావి. ఇట్లియ్యండి," అంది మెల్లగా.

"ఇవి అద్దాలా, సోడాబుడ్డి అడుగులా? పవరెంతమ్మా?"

"మైనస్ ఎనిమిది."

"నాది రెండున్నరే. నీ ముందర నాదొక పవరే కాదు పో!"

జీవిత అద్దాలు పెట్టుకొని చూసింది. మసకలోనూ గుర్తుపట్టింది. నెహెమ్యా! ఆలూరు చర్చిలో తబలా వాయించే నెహెమ్యా.

ఆ చర్చిలో ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు మరోవైపు చాపలమీద కూర్చుంటారు. తబలా మాత్రం ముందు, ఆడవాళ్ళకు ఎదురుగా ఉంటుంది. పాట మొదలవగానే నెహెమ్యా తలెత్తి మూడో వరుసవైపు నవ్వుతాడు. అక్కడ చివర్లో కూర్చునేది జీవితే. చర్చిలో ఆడపిల్లలంతా అతన్ని 'బ్రదర్' అంటారు. జీవిత ఒక్కతే ఇంతవరకు ఆ మాట అనలేదు. ఏడాదిగా ఆ నవ్వు చూస్తూ ఎలా అంటుంది?

"ఏ ఊరమ్మా మీది?" అడిగాడతను.

ఆమె ముఖం చిన్నబోయింది. "మీ చర్చికే వస్తా. మూడో వరుస. మీరు చూసి నవ్వుతారు గదా?"

"నేనా? వాయించేటప్పుడు అద్దాలు జారిపడతాయని తీసి జేబులో పెట్టుకుంటా. ఆడోళ్ళ పక్కంతా నాకు రంగురంగుల మబ్బే!"

"మరి నవ్వేది ఎందుకు?"

"మబ్బు కనబడితే మన సీమలో నవ్వనోడు ఎవుడు?"

ఆమెకు తోడు వచ్చిన మేనత్త కృపమణి పకపకా నవ్వింది. జీవితకు మాత్రం నవ్వు రాలేదు. ఏడాదిపాటు దాచుకున్న నవ్వులు తనవి కాకుండా పోయాయి.

డాక్టర్ హర్షిణి పరీక్షలన్నీ చూసి, కాగితంమీద కన్ను బొమ్మ వేసింది. "పవరు ఎంత ఎక్కువుంటే ఈ పైపొరను లేజరుతో అంత ఎక్కువ చెక్కాలి. రెండు మూడు ఉన్నవాళ్ళకు దాదాపు అంతా పోతుంది. నీ పొర మందంగా ఉంది కాబట్టి చేయొచ్చు. కానీ కొంచెం మిగలొచ్చు, కుదురుకోవడానికి టైం పడుతుంది. అంతా పోతుందని నేను అబద్ధం చెప్పను."

ఆ మాటకే జీవితకు ధైర్యం వచ్చింది. తన కళ్ళ గురించి ఎవరూ అంత నిజం చెప్పలేదు.

వారం తర్వాత ఇద్దరికీ ఒకే రోజు ఆపరేషన్ అయింది. ఒక్కో కంటికి కొన్ని నిమిషాలే. మరునాడు పరీక్షలో నెహెమ్యా అక్షరాల బోర్డు చివరి వరుసదాకా బైబిలు చదివినట్టు గట్టిగా చదివేశాడు. జీవిత పై వరుసలు చదివి, చివరి రెండింటి దగ్గర ఆగిపోయింది.

అయినా ఆలూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఆమె చూపు బయటినుంచి మళ్ళలేదు. నల్లద్దాల వెనక నుంచే పత్తి చేలో ఒక్కో కాయ విడివిడిగా కనిపిస్తోంది. దూరాన ఎద్దు కొమ్ముకు కట్టిన ఎర్ర రిబ్బను కూడా! ఆ డాక్టరమ్మ చేతులను తలచుకొని దేవునికి స్తోత్రం చెప్పుకుంది.

ఒక్క దిగులు మాత్రం వదల్లేదు. ఇప్పుడతనికి మబ్బు విడిపోయి ముఖాలు కనిపిస్తాయి. తన ముఖం చూశాక కూడా నవ్వుతాడా?

నెల దాటింది. జీవితకు మైనస్ ఒకటి మిగిలింది. కళ్ళకు దుమ్ము తగలకూడదని అన్నాళ్ళూ ఇంట్లోనే ఉండి, ఆ ఆదివారమే మళ్ళీ మూడో వరుసలో కూర్చుంటే నెహెమ్యా కొంచెం మసకగా కనిపించాడు. పాట మొదలైంది. అతను తలెత్తాడు. నవ్వాడో లేదో తెలియలేదు.

రెండో చరణంలో ఉన్నట్టుండి తబలా ఆగిపోయింది. పాస్టరయ్యగారు దగ్గారు. నెహెమ్యా కంగారుగా మళ్ళీ మొదలుపెట్టాడు, అదీ వేరే తాళంలో.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర కృపమణి అతన్ని పట్టుకుంది. "ఏమప్పా, కండ్లొచ్చినాక తాళం పాయనే?"

"ఏం జేసేది అత్తా? మబ్బున్నప్పుడే నయం. ఇప్పుడు మూడో వరుసలో మొగం కనబడ్తాండాది."

"అత్తనా? పోయిన వారందాకా ఆంటీ అంటివి గదప్పా!"

అతను చెవులు ఎర్రబడి జీవితవైపు తిరిగాడు. "నిన్ను చూసే నవ్వితి. నువ్వు నవ్వకపోతే చేతులాడలేదు."

"నాకింకా ఒకటి మిగిలింది. అంత దూరం నుంచి మసకే."

అతను రెండడుగులు ముందుకొచ్చాడు. "ఈడినుంచో?"

"ఇంకొంచెం..."

మరో అడుగు వేశాడు. ఆమె నవ్వింది. "ఇప్పుడు బాగా కనబడ్తాండావు."

"ఒకటి అడుగుతా. అందరూ నన్ను బ్రదర్ అంటారు. నువ్వొక్కదానివే అనవు. ఎందుకు?"

జీవిత ఈసారి తల దించుకోలేదు. "చూపు బాగొచ్చింది గదా. చూసి నువ్వే చెప్పు."

అతను చూస్తూ ఉండిపోయాడు.

"చాల్లే, చూసింది!" కృపమణి చెప్పులు తొడుక్కుంది. "మీ నాయనతో నేను మాట్లాడతా పాపా. ముందు ఈ పిల్లోన్ని ఆ రెండో చరణం నేర్చుకోమను."