దిగులుమోత

గోడలే రోగి నాడి చూసి మందు మార్చే రోజులొచ్చినా, విశాఖలోని ఆ ఆసుపత్రిలో క్యాన్సర్ వార్డు బయటి కుళాయిని మాత్రం ఎవరూ తీయించలేకపోయారు. చూడవచ్చినవాళ్ళు అక్కడ కరువుతీరా ఏడ్చి, మొహం కడుక్కుని, నవ్వు తగిలించుకుని లోపలికి వెళ్ళేవారు. రోగి ముందు కంటతడి పెట్టకూడదు కదా మరి!

డాక్టర్ హైమవతికి ఆ కుళాయితో పనిలేక చాలా రోజులైంది. ఆమె కనిపెట్టిన ఎమోషన్ ట్రాన్స్‌ఫర్ బ్యాండుకు దిగులుమోత అని తనే పేరు పెట్టింది. అది రోగి మెదడులోని భయాన్ని సిగ్నల్‌గా మార్చి, జత బ్యాండు కట్టుకున్న మనిషికి పంపుతుంది. రోగి తేలికపడితే, ఆ బరువు రెండో మనిషి మోయాలి. కాలేయ క్యాన్సర్‌తో మంచం పట్టిన అక్క మందాకినికి ఒకటి కట్టి, రెండోది తనే కట్టుకుంది హైమ. చిత్రమేమిటంటే, ఆమెకు ఏ భయమూ రాలేదు. హాయిగా తిన్నది, నిద్రపోయింది. మా అక్కకు భయమంటేనే తెలియదు, ఇక నాకేం పంపుతుందని తోటి సైంటిస్టుల దగ్గర గొప్పలు కూడా పోయింది. పిచ్చితల్లి!

ఆ రోజు బ్యాటరీ మార్చడానికి వరండాలో, కుళాయి పక్కన నిలబడి తన బ్యాండు విప్పింది. విప్పీ విప్పగానే, అక్క ఇక బతకదన్న సంగతి అప్పుడే తెలిసినట్టు దుఃఖం తన్నుకొచ్చింది. కుళాయి పట్టుకుని, బ్యాండ్లను నడిపే యంత్రాన్ని అడిగింది.

"ఇదంతా ఇన్నాళ్ళూ నాలో పోగుపడిన అక్క భయమేనా?"

"కాదండీ, మీదే. మొదట్లోనే ఆవిడ సిగ్నల్ దిశ తిప్పమన్నారు. ఇన్నాళ్ళూ మీ దిగులే ఆవిడకు వెళ్తోంది. రోగి మాటే చెల్లాలన్న నియమం మీరు పెట్టిందే."

తన చావుభయం చాలదన్నట్టు చెల్లెలి దిగులు కూడా మోసిందా ఆ బక్కప్రాణం! హైమ కుళాయి తిప్పలేదు. ఆ కన్నీళ్ళతోనే లోపలికి వెళ్ళి, అక్క మణికట్టుకున్న బ్యాండు విప్పబోయింది. మందాకిని చేయి వెనక్కి లాక్కుంది.

"ఉండనీవే," అంది నీరసంగా. "అందరూ మొహాలు కడుక్కుని నవ్వుతూ వస్తారు. నేను పోతుంటే ఎవరికైనా బాధగా ఉందో లేదో నాకెలా తెలుస్తుంది? నీ దిగులు వస్తుంటేనే, నాకూ ఒకళ్ళున్నారనిపించేది."

హైమ ఇక ఆపుకోలేకపోయింది. అక్క ముందే, మంచం పట్టె మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. మందాకిని ఆ తల నిమురుతూ చాలాసేపు చూసింది. తర్వాత తనే చేయి ముందుకు చాపింది.

"ఇప్పుడు విప్పెయ్. ఇక దీంతో పనిలేదు."